కంటి ప్రెజర్ అంకె వెనక కార్నియా మందం: ఎంత కలపాలి, ఎంత తీసేయాలి?

క్లుప్తంగా

కంటి ప్రెజర్ చూసే యంత్రాలు కార్నియాను, అంటే కంటి ముందుండే పారదర్శక పొరను, బయటి నుంచి నొక్కి, లోపలి ఒత్తిడిని అంచనా వేస్తాయి. కార్నియా మందంగా ఉంటే అంకె కాస్త ఎక్కువగా, పల్చగా ఉంటే కాస్త తక్కువగా వస్తుంది. జబ్బేమీ లేని పెద్దవాళ్లలో ఈ తేడా సాధారణంగా ఒకటి రెండు పాయింట్లే. మందాన్ని బట్టి ప్రెజర్‌కు కూడికలు, తీసివేతలు చేసే పట్టికలను ఒక్కో మనిషికి వర్తింపజేయడం సరికాదు. మన ప్రాంతంలో అది మరీ ఇబ్బంది తెస్తుంది. ప్రెజర్ హద్దు మీదో, హద్దు దాటో ఉన్నవారిలో మాత్రం పల్చటి కార్నియా నీటికాసుల (గ్లాకోమా, అంటే కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) ముప్పుకు ఒక గుర్తు. నిర్ణయం తేలేది కంటి నరం చూశాకే.

చీటీ మీద మూడు వరసలు

అమలాపురం, భీమవరం, తణుకు, కాకినాడ వంటి గోదావరి డెల్టా పట్టణాల్లో నలభై దాటినవారు కళ్లజోడు కోసం వెళ్లినా ప్రెజర్ చూడటం మామూలే. చీటీ మీద కుడి కన్ను 18, ఎడమ కన్ను 17 అని రాస్తారు. కొన్నిచోట్ల దాని కింద ‘సీసీటీ 485, 488’ అని ఇంకో వరస ఉంటుంది. కార్నియా నడిమధ్య మందం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యోవంతు) అన్నమాట. ఆ కింద ‘కరెక్టెడ్ ఐఓపీ 22, 21’ అని, అంటే మందాన్ని బట్టి సవరించిన కంటి ప్రెజర్ అని, మూడో వరస కూడా పడితే ఇంట్లో కంగారు మొదలవుతుంది. మొదటి వరస చూస్తే కన్ను బాగానే ఉంది. మూడో వరస చూస్తే హద్దు దాటింది. అదే మనిషి వారం తర్వాత రాజమహేంద్రవరంలో ఇంకో డాక్టరుకు చూపించుకుంటే 16 అని రాసి, ఏ కూడికా లేకుండా ‘ఏడాదికోసారి రండి’ అని పంపేయవచ్చు. చుక్కల మందు మొదలుపెడితే జీవితాంతం వేయాలేమో అన్న దిగులు ఒకవైపు, వేయకపోతే చూపు పోతుందేమో అన్న భయం ఇంకోవైపు.

ఇద్దరు డాక్టర్లలో ఒకరు తప్పు చేశారని దీన్నిబట్టి అనుకోనక్కర్లేదు. తికమక ఉన్నదల్లా మూడో వరసలోనే. అది కొలిచిన అంకె కాదు, లెక్కకట్టిన అంకె. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం భయం తగ్గుతుంది.

21 అనే హద్దు ఎలా వచ్చింది

కంటి ముందుభాగంలో నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్ల చొప్పున నీరు ఊరుతుంది. అంతే నీరు కార్నియాకూ పాప చుట్టూ ఉండే రంగు పొరకూ (ఐరిస్) మధ్యనున్న మూల నుంచి జల్లెడ లాంటి కణజాలం గుండా బయటికి పోతుంది. ఊరడానికీ పోవడానికీ మధ్య తూకమే కంటి ప్రెజర్. దీన్ని పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు, వాడుకలో పాయింట్లంటారు. జనం ‘కంటికి బీపీ’ అంటారు గానీ, ఒంటి బీపీ వేరు, ఇది వేరు. బీపీ మాత్ర వేసుకుంటున్నాం కదా అని కంటి ప్రెజర్ చూపించుకోకుండా ఉండకూడదు.

హద్దుగా చెప్పే 21 ప్రకృతి గీసిన గీత కాదు. 1958లో జర్మనీలో లైడెకర్ బృందం ఆరోగ్యంగా ఉన్న పదివేల మందికి ప్రెజర్ కొలిస్తే సగటు 15.5 వచ్చింది. సగటుకు అటూ ఇటూ జనం ఎలా పరుచుకున్నారో చూసి, నూటికి తొంభై ఐదుగురు ఇమిడే చోట పైగీత గీశారు. అదే దాదాపు 21. గీత దాటినవారిలో చాలామందికి కంటి నరం చెక్కుచెదరకుండా ఉంటుంది. గీత లోపల ఉన్నవారిలో కొందరికి నరం దెబ్బతింటుంది. పైగా ఆ గీత గీసేటప్పుడు ఎవరి కార్నియా మందాన్నీ లెక్కలోకి తీసుకోలేదు. కొలిచిన అంకె కొలిచినట్టే వాడారు. ఈ సంగతి ముందుముందు అవసరపడుతుంది.

నొక్కి చూడటంలో ఉన్న చిక్కు

సైకిల్ టైరులో గాలి ఎంతుందో బొటనవేలితో నొక్కి చూస్తారు. రెండు టైర్లలో గాలి సమానంగా ఉన్నా, రబ్బరు దళసరిగా ఉన్న టైరు వేలికి గట్టిగా తగులుతుంది. కంటి ప్రెజర్ కొలతలోనూ జరిగేది ఇదే. లోపలికి సూది దించి కొలవలేం కాబట్టి, కార్నియాను ఎంత బలంతో నొక్కితే చదునవుతుందో చూసి లోపలి ఒత్తిడిని ఊహిస్తాం.

సిద్ధాంతం సులభమే: నొక్కిన బలాన్ని చదునైన వైశాల్యంతో భాగిస్తే ఒత్తిడి వస్తుంది. అయితే నొక్కుతున్న పొర అతి పల్చగా, పొడిగా, ఏ బిగువూ లేకుండా ఉంటేనే ఈ సూత్రం చెల్లుతుంది. కార్నియా ఆ మూడింటిలో ఏదీ కాదు. దానికి అర మిల్లీమీటరు మందం ఉంది, సొంత బిగువు ఉంది, పైన కన్నీటి పొర ఉంది. హన్స్ గోల్డ్‌మన్, ష్మిట్ 1957లో ఈ చిక్కుకు ఒక నేర్పైన పరిష్కారం చూపించారు. కార్నియా బిగువు, వాళ్ల యంత్రంలో కంటికి ఆనించే మొనను, అంటే ప్రిజమ్‌ను, వెనక్కి నెడుతుంది. కన్నీటి పొర తలతన్యత దాన్ని కంటివైపు లాగుతుంది. సరిగ్గా 3.06 మిల్లీమీటర్ల వ్యాసం మేర చదును చేస్తే ఈ రెండూ దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ వ్యాసంతో ఇంకో సౌలభ్యం కూడా కుదిరింది: ఒక గ్రాము బలం 10 పాయింట్లకు సమానం. అందుకే ఆ యంత్రం చక్రం మీద 1 అని ఉంటే 10, 2 అని ఉంటే 20.

ఈ సర్దుబాటు కార్నియా మందం సుమారు 500 మైక్రాన్లు అనుకుని చేసినది. మందం బాగా అటూ ఇటూ అయితే అంకె మారుతుందని వాళ్లే రాశారు. అంత తేడాలు అరుదని అనుకున్నారు. తర్వాత మందం కొలిచే యంత్రాలు చేతికొచ్చాక, ఏ జబ్బూ లేని కళ్లలోనే 450 నుంచి 620 దాకా ఉంటుందని తేలింది.

ఆరోగ్యమైన కంట్లో తేడా ఎంత?

ఇక్కడే పరిశోధకుల లెక్కలు ఒకదానికొకటి పొసగవు. 1975లో ఏలర్స్ బృందం ఆపరేషన్ చేయించుకుంటున్న కొద్దిమంది కళ్లలోకి సన్నని గొట్టం పంపి అసలు ఒత్తిడిని కొలిచి, దాన్ని గోల్డ్‌మన్ యంత్రం అంకెతో పోల్చింది. 520 మైక్రాన్ల దగ్గర రెండూ కలిశాయి. అక్కడి నుంచి 100 మైక్రాన్లు తేడా వస్తే అంకె 7 పాయింట్లు అటో ఇటో తప్పుతోందని చెప్పారు. 1993లో విటాకర్ బృందం ఇదే తరహాలో కొలిస్తే 100 మైక్రాన్లకు తేడా రెండు పాయింట్ల దగ్గరే ఆగింది. 2006లో కోల్హాస్ బృందం 25 మైక్రాన్లకు ఒక పాయింటు అంది, అంటే వందకు నాలుగు. నడుమ 2001లో ఫెల్ట్‌గెన్ బృందానికి చెప్పుకోదగ్గ సంబంధమే కనబడలేదు.

కళ్లలోకి గొట్టం దించకుండా, అప్పటిదాకా అచ్చయిన అధ్యయనాలన్నీ కలిపి డౌటీ, జమాన్ 2000లో లెక్కగట్టారు. సగటు మందం 535 మైక్రాన్ల దగ్గర తేలింది. ఆరోగ్యమైన కళ్లలో మందం పది శాతం, అంటే 50 మైక్రాన్ల పైచిలుకు మారితే ప్రెజర్ అంకె మారింది కేవలం 1.1 పాయింట్లు. దీర్ఘకాలం కంటి జబ్బు ఉన్నవారిలో అదే తేడాకు రెండున్నర పాయింట్లు. ఆరోగ్యవంతుడు తన చీటీ చూసుకునేటప్పుడు గుర్తుపెట్టుకోవలసింది ఈ 1.1 అంకెనే. 485 మైక్రాన్ల కార్నియా ఉన్నవారికి ఈ లెక్కన కలపాల్సింది ఉంటే ఒక పాయింటు. చీటీ మీద పడ్డ 4 కాదు.

అధ్యయనాల మధ్య ఇంత ఎడం ఎందుకంటే, యంత్రాన్ని నిజంగా ఎదిరించేది మందం ఒక్కటే కాదు, బిగువు. లియూ, రాబర్ట్స్ 2005లో కంప్యూటర్ నమూనాతో ఒక్కో గుణాన్నీ విడిగా మార్చి చూశారు. మనుషుల్లో కనబడే మేర మందాన్ని మారిస్తే అంకె 2.87 పాయింట్లు కదిలింది. వంపును మారిస్తే 1.76. కార్నియా సాగే గుణాన్ని మారిస్తే 17.26. మందం కొలవడం తేలిక, బిగువు కొలవడం కష్టం. కొలవడం తేలికైన దాని మీదే పట్టికలు తయారయ్యాయి.

దీనికి ఆసుపత్రుల్లో కనబడే రుజువు ఒకటుంది. కార్నియా లోపలి వరసలోని కణాలు పొరలోంచి నీటిని నిరంతరం బయటికి తోడేస్తుంటాయి. ఆ కణాలు తగ్గిపోతే కార్నియా నీరు పట్టి ఉబ్బుతుంది. మందం 650 దాటవచ్చు. పట్టిక ప్రకారం అలాంటి కంట్లో ప్రెజర్ అంకె ఎక్కువగా రావాలి. నిజానికి తక్కువగా వస్తుంది, ఎందుకంటే ఉబ్బిన కార్నియా మెత్తబడి సులభంగా అణుగుతుంది. పట్టికను నమ్మి ఏడు పాయింట్లు తీసేస్తే, ముందే తక్కువగా వచ్చిన అంకె ఇంకా తగ్గి, అసలు ప్రమాదం కనుమరుగవుతుంది.

పట్టిక సున్నా ఎక్కడుంది, మన సగటు ఎక్కడుంది

ఎక్కువగా వాడుకలో ఉన్న పట్టికలో 545 మైక్రాన్ల దగ్గర సవరణ సున్నా. 515 అయితే 2 కలపాలి, 505 అయితే 3, 485 అయితే 4, 445 అయితే 7. 585 అయితే 3 తీసేయాలి. వెనక ఉన్నది ఏలర్స్ చెప్పిన పది మైక్రాన్లకు 0.7 లెక్కే, అంటే అన్నిటికంటే ఎక్కువ తేడా చూపిన అధ్యయనం.

మధ్యభారత గ్రామాల్లో జరిగిన పెద్ద సర్వేలో పెద్దవాళ్ల కార్నియా సగటు మందం 514 మైక్రాన్లు వచ్చింది. చెన్నై చుట్టుపక్కల సర్వేలోనూ సగటు పట్టిక సున్నా కంటే బాగా దిగువనే ఉంది. అంటే సగటు భారతీయుడికి ఈ పట్టిక ప్రకారం 2 కలుస్తుంది. జబ్బు ఉన్నవాడికి కాదు, మామూలు మనిషికి. ఊళ్లో సగంమందికి పైగా ప్రెజర్‌ను కాగితం మీద పెంచే సవరణ సవరణ ఎలా అవుతుంది?

ఇంకో మెలిక ఉంది. 21 అనే హద్దు సవరించని అంకెలతో గీసినది. సవరించిన అంకెను తెచ్చి సవరించని హద్దుతో పోల్చడమంటే ఒక కొలబద్దతో కొలిచి ఇంకో కొలబద్ద మీద చదవడమే. దేశంలోని సర్వేల్లో సవరించని సగటు ప్రెజర్ 13 నుంచి 15 మధ్యే తేలింది. జర్మనీ సగటు కంటే అది కొంత తక్కువ. పల్చటి కార్నియాలు కొంత కారణం కావచ్చు. అలాంటప్పుడు మన జనానికి సవరించని హద్దే కాస్త కిందకు జరగాలి గానీ, అంకెలను పైకి జరిపి పాత హద్దు దగ్గరే నిలబెట్టడం సమంజసం కాదు.

డెల్టాకు ఈ చర్చ పరాయిది కాదు. ఎల్‌వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో హైదరాబాద్‌తోపాటు ఎంచుకున్న మూడు గ్రామీణ ప్రాంతాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. పదివేల మందికి పైగా పరీక్షించిన ఆ సర్వే, తర్వాతి దక్షిణాది సర్వేలు ఒకే మాట చెప్పాయి: నీటికాసులు ఉన్నవారిలో అత్యధికులకు తమకు ఆ జబ్బు ఉన్నట్టే తెలియదు. జబ్బు లేనివారికి కాగితం మీద ప్రెజర్ పెంచి కంగారుపెట్టడం ఒక నష్టం. కంటి నరం చూడకుండా ‘ప్రెజర్ 17, భయం లేదు’ అని పంపడం అంతకంటే పెద్ద నష్టం.

మందం కొలిచేటప్పుడు

ఎక్కువచోట్ల వాడేది అల్ట్రాసౌండ్ పాకీమీటరు. తిమ్మిరి చుక్క వేసి, అర నిమిషం ఆగి, పెన్ను లాంటి ప్రోబును కార్నియా నడిమధ్యన నిలువుగా ఆనిస్తారు. ధ్వని కార్నియాలో సెకనుకు 1,640 మీటర్ల వేగంతో వెళ్తుందన్న లెక్కతో, ముందు పొర నుంచి, వెనక పొర నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వనుల మధ్య వ్యవధిని యంత్రం మైక్రాన్లుగా మారుస్తుంది. ఒక్కో కంటికి కనీసం మూడు, వీలైతే అయిదు సార్లు కొలవాలి.

తప్పు జరిగేది ఎక్కువగా ప్రోబు నడిమధ్య నుంచి పక్కకు జరిగినప్పుడు. కార్నియా మధ్యలో పల్చన, అంచుకు వెళ్లేకొద్దీ 650, 700 దాకా దళసరి. పక్కకు జరిగినా, ఏటవాలుగా ఆనినా అంకె పైకే పోతుంది. 512, 509, 541, 511 అని వస్తే ఆ 541 నిజం కాదు, ప్రోబు జరిగిందని అర్థం. నాలుగింటి సగటు తీసి 518 అని రాయకూడదు, దాన్ని పక్కనపెట్టి మళ్లీ కొలవాలి. ప్రోబు మొనను ఆల్కహాలుతో తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉండగా ఆనిస్తే పై పొర మండుతుంది.

సమయం కూడా లెక్కలోకి వస్తుంది. రాత్రంతా రెప్పలు మూసి ఉండటంతో కార్నియాకు గాలి నుంచి అందే ప్రాణవాయువు తగ్గి మూడు నాలుగు శాతం ఉబ్బుతుంది, అంటే 15, 20 మైక్రాన్లు. లేచిన గంట రెండు గంటల్లో సర్దుకుంటుంది. కాంటాక్ట్ లెన్సు తీసీ తీయగానే కొలిచినా ఇలాగే ఎక్కువ వస్తుంది. ఆనకుండా కొలిచే ఓసీటీ, పెంటాకామ్ వంటి యంత్రాల అంకెలు అల్ట్రాసౌండ్ అంకెతో పది ఇరవై మైక్రాన్లు తేడాపడవచ్చు. నిరుడు ఒక యంత్రంతో 520, ఈ ఏడు ఇంకో యంత్రంతో 505 వస్తే కార్నియా అరిగిపోయిందని బెంగపడనక్కర్లేదు.

మందం కంటే పెద్ద తప్పులు

ప్రెజర్ అంకెను తప్పించే కారణాల్లో మందం చాలాసార్లు చిన్నదే. గోల్డ్‌మన్ పరీక్షలో తిమ్మిరి చుక్క, ఫ్లోరెసీన్ రంగు వేసి నీలిరంగు కాంతిలో చూస్తారు. ప్రిజమ్ ఆనగానే పైన ఒకటి, కింద ఒకటి ఆకుపచ్చ అర్ధవలయాలు కనబడతాయి. వాటి లోపలి అంచులు ఒకదాన్నొకటి తాకేదాకా చక్రం తిప్పి, అక్కడి అంకె రాసుకోవాలి. గుండె కొట్టుకున్నప్పుడల్లా వలయాలు అటూ ఇటూ ఊగుతాయి, ఆ ఊపు మధ్యలో అంకె తీసుకోవాలి. రంగు ఎక్కువై వలయాలు లావుగా ఉంటే అంకె ఎక్కువ వస్తుంది, రంగు చాలక సన్నగా ఉంటే తక్కువ వస్తుంది. రెప్ప ఎత్తే వేలు కనుగుడ్డు మీద ఆనినా, రోగి కళ్లు బిగించినా, ఊపిరి బిగబట్టినా, మెడ దగ్గర చొక్కా గుండీ బిగుతుగా ఉన్నా రెండు మూడు పాయింట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పెరగవచ్చు. ఇది తేలిగ్గా సరిచేయగలిగిన తప్పు: గుండీ తీయమని, గడ్డం ఆనించి మామూలుగా ఊపిరి తీసుకోమని చెబితే చాలు. యంత్రానికి ఉండే తూకపు కడ్డీతో 0, 20, 60 దగ్గర సరిగా ఉందో లేదో ఎప్పటికప్పుడు సరిచూడాలి.

శిబిరాల్లో, కళ్లజోళ్ల దుకాణాల్లో ఎక్కువగా ఉండేది గాలి ఊదే యంత్రం. అది కొన్ని మిల్లీసెకన్లలో కొలుస్తుంది. గుండె కొట్టుకునే లయతో కంటి ఒత్తిడే రెండు మూడు పాయింట్లు ఊగుతుంటుంది కాబట్టి ఒక్క ఊదుకు వచ్చిన అంకెకు విలువ తక్కువ, మూడింటి సగటు కావాలి. కార్నియా మందం ప్రభావం గోల్డ్‌మన్ కంటే దీని మీద ఎక్కువ. చుక్క మందు లేకుండా సన్నని మొనను కార్నియాకు తాకించి చూసే రీబౌండ్ యంత్రానికీ మందం ప్రభావం తప్పదు. వీటిలో 21 దాటి వస్తే గోల్డ్‌మన్‌తో నిర్ధారించుకోవాలి. కార్నియా ప్రభావం తక్కువగా ఉండేలా తయారైన యంత్రాలు కూడా ఉన్నాయి గానీ, పెద్ద ఆసుపత్రులు దాటి అవి పెద్దగా కనబడవు.

ఎండలో, గాలిలో ఏళ్లతరబడి పనిచేసే వరి రైతులకు, రొయ్యల చెరువుల మీద ఉండేవారికి, సముద్రం మీదికి వెళ్లేవారికి కంట్లో దుర్మాంసం పెరగడం మామూలు. అది కార్నియా మీదికి పాకితే వంపు ఒక దిక్కున చదునై అడ్డదిడ్డం పవర్ వస్తుంది. వలయాలు గుండ్రంగా కాక కోలగా కనబడతాయి. అప్పుడు ప్రిజమ్‌ను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి ఉంచి కొలిచి సగటు తీయాలి, లేదంటే ప్రిజమ్ మీది ఎర్రగీతను వాడాలి. వడ్లగింజో వరి ఆకో తగిలి పుండుపడి, మానాక పువ్వు మిగిలిన కంట్లో ఆ మచ్చ మీద కొలిచిన మందాన్నీ ప్రెజర్‌నూ రెండింటినీ నమ్మలేం.

ఒక్క రోజులోనే ప్రెజర్ మారుతుందన్నది మరో సంగతి. ఆరోగ్యమైన కంట్లోనే పొద్దున్నుంచి రాత్రికి రెండు నుంచి ఆరు పాయింట్ల తేడా సహజం, చాలామందికి తెల్లవారుజామునో పొద్దున్నో ఎక్కువ. పొద్దున్న భీమవరంలో 18, సాయంత్రం రాజమహేంద్రవరంలో 16 వస్తే అందులో వింతేమీ లేదు.

లేసిక్ చేయించుకున్నవారి సంగతి వేరు

కళ్లజోడు వదిలించుకోవడానికి లేసిక్, స్మైల్, పీఆర్‌కే చేయించుకున్న యువత డెల్టా ఊళ్లలోనూ ఉన్నారు. ఈ ఆపరేషన్లలో కార్నియాను చెక్కి పల్చబరుస్తారు, దాని బిగువు కూడా తగ్గుతుంది. లోపలి ఒత్తిడి ఏమీ మారకపోయినా, ఆ తర్వాత ప్రెజర్ అంకె సాధారణంగా రెండు నుంచి నాలుగు పాయింట్లు తక్కువగా వస్తుంది, చెక్కింది ఎక్కువైతే ఇంకా తగ్గవచ్చు. పదిహేనేళ్ల తర్వాత సొంత ఊళ్లో పరీక్షించే డాక్టరుకు పాత ఆపరేషన్ సంగతి తెలియకపోతే 17 అన్న అంకె నిశ్చింతగా కనబడుతుంది. ఆపరేషన్‌కు ముందు కొలిచిన మందం, ప్రెజర్ ఉన్న కాగితాన్ని ఆస్తి పత్రాలతో పాటు దాచుకోవడం మంచిది. ఇంకో హెచ్చరిక: ఇంతకుముందెప్పుడూ కార్నియా మీద కత్తి పడకుండానే మందం 480 కంటే తక్కువ ఉంటే, లేసిక్ ఆలోచనకు ముందు కార్నియా మ్యాపు తీయించాలి. అది శంకువులా సాగే జబ్బు తొలిదశ కావచ్చు.

మరి మందం చూడటం దేనికి?

సవరణకు పనికిరాకపోతే కొలవడం మానేయవచ్చుగా అనిపిస్తుంది. మానకూడదు, కారణం వేరే ఉంది. అమెరికాలో ప్రెజర్ ఎక్కువగా ఉండి (ఒక కంట్లో 24 నుంచి 32), కంటి నరం మాత్రం బాగున్న 1,636 మందిని ఏళ్లతరబడి గమనించిన అధ్యయనం 2002లో ఫలితాలు ప్రకటించింది. చుక్కలు వేయనివారిలో అయిదేళ్లలో 9.5 శాతానికి, వేసినవారిలో 4.4 శాతానికి నీటికాసులు వచ్చాయి. కార్నియా 555 మైక్రాన్లు, అంతకంటే తక్కువ ఉన్నవారికి ముప్పు, 588 దాటినవారితో పోలిస్తే మూడు రెట్లు తేలింది. అదే బృందం 2012లో ఇంకోటి పరీక్షించింది: సూత్రాలతో సవరించిన ప్రెజర్ వాడితే ముప్పును ఇంకా బాగా ముందే చెప్పగలమా? చెప్పలేమని తేలింది. ప్రెజర్‌ను కొలిచింది కొలిచినట్టు, మందాన్ని విడిగా, పక్కపక్కన పెట్టుకుంటేనే సరిపోయింది.

అయితే ఆ 555ను యథాతథంగా తెచ్చుకుంటే మళ్లీ పాత పొరపాటే. సగటే 514 ఉన్న జనంలో 555 కింద అత్యధికులు ఉంటారు. పైగా ఆ ఫలితం ప్రెజర్ ఎక్కువ ఉన్నవారి గురించి. ప్రెజర్ 14, నరం బాగుంది, కార్నియా 500 అంటే ఆ మనిషికి జబ్బు లేదు, కార్నియా మన జనంలో మామూలు మందమే.

మందం చాలావరకు వారసత్వం. కవలల మీద జరిగిన అధ్యయనాల్లో జన్యువుల వాటా 90 శాతానికి కాస్త అటూ ఇటూగా తేలింది. వయసుతోపాటు కొద్దికొద్దిగా తగ్గుతుంది. తినే తిండితోనో, కంటి వ్యాయామాలతోనో, చుక్కలతోనో దాన్ని పెంచుకునే మార్గం లేదు. ఇంట్లో ఒకరికి నీటికాసులు ఉండి, కార్నియా బాగా పల్చనని తేలితే, నలభై దాటిన అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు చూపించుకోవడం వల్ల నిజమైన మేలు ఉంది.

ఏ అంకె వస్తే ఏం అడగాలి

ప్రెజర్ 17, మందం 470 అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘ఎంత కలపాలి’ అని కాదు, ‘కంటి నరం ఎలా ఉంది’ అని. పాప పెద్దదయ్యే చుక్క వేసి నరం గుంతను చూడటం, వీలైతే ఫొటో తీసి ఉంచడం, అనుమానం ఉంటే ఓసీటీ (నరం పొర స్కాన్), విజువల్ ఫీల్డ్ (చూపు పరిధి పరీక్ష) చేయించడం సరైన దారి. అవి బాగుంటే ఏడాదికోసారి చూపించుకుంటే సరిపోతుంది.

ప్రెజర్ 23, మందం 600 అన్నప్పుడు ఒక్క అంకె చూసి చుక్కలు మొదలుపెట్టే తొందర వద్దు. ఇంకో రోజు, ఇంకో సమయంలో గోల్డ్‌మన్‌తో మళ్లీ కొలిపించాలి. నరం, ఫీల్డ్ బాగుంటే చాలామందిని గమనిస్తూ ఉండవచ్చు. అలాగని ‘కార్నియా దళసరి కాబట్టి ప్రెజర్ అబద్ధం’ అనుకుని వదిలేయకూడదు. 30 వచ్చినప్పుడు ఏ మందమూ దాన్ని కొట్టిపారేయలేదు.

రెండు సందర్భాల్లోనూ కంటి మూలను గోనియోస్కోపీతో, అంటే అద్దాలున్న లెన్సు ఆనించి, చూడాలి. నీరు పోయే మూల ఇరుకుగా ఉండి వచ్చే నీటికాసులు మన దేశంలో తక్కువేమీ కావు, కార్నియా మందం దాని గురించి ఏమీ చెప్పదు. కంటి దురదకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలను నెలల తరబడి వాడుతుంటే ఆ సంగతి దాచకుండా చెప్పాలి. దాదాపు మూడోవంతు మందిలో అవి కంటి ఒత్తిడిని ఎంతోకొంత నిజంగానే పెంచుతాయి.

మందం ఒకసారి జాగ్రత్తగా కొలిస్తే ఏటా కొలవనక్కర్లేదు. లేసిక్ వంటి ఆపరేషన్ అయ్యాక, శుక్లం ఆపరేషన్ తర్వాత కార్నియా ఉబ్బినప్పుడు, కార్నియాకు పుండు పడి మానాక మళ్లీ కొలవాలి. ప్రెజర్ మాత్రం ప్రతిసారీ కొలవాలి. చీటీ మీద అంకె పక్కన ఏ యంత్రంతో కొలిచారో, ఎన్ని గంటలకు కొలిచారో రాయించుకుంటే, వచ్చే ఏడాది ఇంకో ఊళ్లో చూసే డాక్టరుకు 16, 18 మధ్య తేడా జబ్బుదా, యంత్రానిదా, పొద్దుదా అన్నది తేల్చుకోవడం తేలికవుతుంది.